వరంగల్ వైపు బ్లడ్ క్యాన్సర్ లెక్కలు: ఆరోగ్యశ్రీ పట్టిక చూసి బెడ్లు తేల్చొచ్చా?

మీ ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది, అందుకే నాకు అర్థమైంది ముందు రాస్తాను. హన్మకొండలో మీదొక చిన్న ట్రస్టు. ఉమ్మడి వరంగల్ జిల్లా బ్లడ్ క్యాన్సర్ రోగులు ప్రతి కీమోకూ హైదరాబాద్ పరుగెత్తకుండా ఇక్కడే డే కేర్ సెంటర్ (అడ్మిట్ కాకుండా కీమో తీసుకుని అదే రోజు ఇంటికి పోయే చోటు) పెట్టించాలని చూస్తున్నారు. మూడేళ్ల ఆరోగ్యశ్రీ కేసుల పట్టిక చేతికొచ్చింది. దాన్ని జనాభాతో భాగించి జిల్లాల వారీగా రేటు తీసి, ఎక్కువున్న చోట సెంటర్ పెట్టి, దాన్నిబట్టి బెడ్లు తేల్చొచ్చా అన్నది మొదటి ప్రశ్న. ఒక మండలంలో మూడేళ్లలో ఆరుగురికి వచ్చింది, పత్తికీ మిర్చికీ కొట్టే మందుల వల్లేనా అన్నది రెండోది.

సూటిగా చెప్తాను. ఆ పట్టిక ఒక్కదాన్నే నమ్ముకుని రేటు తీయకండి. తీసినా, బెడ్లు ఎన్ని కావాలో ఆ రేటు చెప్పదు. అలాగని ప్రభుత్వం పూర్తిస్థాయి క్యాన్సర్ రిజిస్ట్రీ (ఒక ప్రాంతంలో కేసులన్నీ నమోదు చేసే వ్యవస్థ) పెట్టేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రోగికి వచ్చింది ఏ రకం బ్లడ్ క్యాన్సరు, అతను నిజంగా ఉండే ఊరేది, ఇంకా ఎంతకాలం చికిత్సలో ఉంటాడు, ఈ మూడూ రాసిన జాబితా ఉంటే సెంటర్‌కు ఏం కావాలో చాలావరకు తేలిపోతుంది. ఇక ఆ ఆరుగురి సంఖ్యలో నాకు అసాధారణం ఏమీ కనబడలేదు. ఎందుకో కింద రాస్తాను.

నేను క్యాన్సర్ రిజిస్ట్రీ పనిలో చాలా ఏళ్లున్నాను. ఎక్కువ కాలం ఉత్తర తెలంగాణ ఫైళ్లతోనే గడిచింది. డాక్టర్‌ని కాను, కాబట్టి ఏ మందు మంచిదని నన్ను అడగొద్దు. ఫైల్‌లో ఉన్నదానికీ ఊళ్లో ఉన్నదానికీ తేడా ఎక్కడెక్కడ వస్తుందో మాత్రం బాగా తెలుసు.

ఆరోగ్యశ్రీ పట్టిక తయారైందే ఆసుపత్రికి డబ్బు చెల్లించడానికి, జబ్బు లెక్కపెట్టడానికి కాదు. కీమో ప్యాకేజీలు సైకిల్ (ఒక విడత కీమో) వారీగా మంజూరవుతాయి. ఒకే మనిషి ఆరు సైకిళ్లు తీసుకుంటే ఆరు వరుసలు. మధ్యలో ఆసుపత్రి మారితే కొత్త కేసులాగా మళ్లీ మొదలు. అందుకే ముందు వరుసల్ని మనుషులుగా మార్చుకోవాలి. ఇక్కడ పేర్లు చుక్కలు చూపిస్తాయి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట చివర. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్కో ఆపరేటర్‌ది ఒక్కో రకం. పెళ్లైన ఆడవాళ్లకు ఒక ఫైల్‌లో తండ్రి పేరు, ఇంకో ఫైల్‌లో భర్త పేరు. పేరు, వయసు (రెండేళ్లు అటూ ఇటూ), ఊరు, ఫోన్ నంబరు, వీటిలో మూడు కలిస్తేనే ఒకే మనిషి అనుకోవాలి. వయసులో సున్నా, అయిదు అంకెలు ఎక్కువ కనబడితే అది రోగి చెప్పింది కాదు, రాసినవాళ్ల అంచనా.

ఇక ఈ పట్టికలోకి అసలు రానివాళ్లు. భూపాలపల్లి, రామగుండం, మందమర్రి వైపు సింగరేణి కుటుంబాలకు వాళ్ల సొంత ఆసుపత్రులున్నాయి, రిఫరల్ అక్కడి నుంచే వెళ్తుంది. కాజీపేటలో రైల్వే వాళ్లది వేరే దారి. ప్రభుత్వ ఉద్యోగులు, ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి సొంత పైసలతో చూపించుకున్నవాళ్లు, అడ్మిట్ కాకుండా మాత్రలు మాత్రమే వాడేవాళ్లు... వీళ్లెవరూ మీకు కనబడరు.

అందరికన్నా పెద్ద గుంపు, జబ్బుకు పేరు పెట్టకముందే పోయినవాళ్లది. అరవై దాటిన మనిషి, నీరసం, పాలిపోయిన మొహం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, టౌన్‌లో రెండు బాటిళ్ల రక్తం, నెల తిరగకముందే జ్వరం, నిమ్ము. మరణ పత్రంలో రాసేది గుండె, ఊపిరి ఆగిపోయాయనే. అది ఏఎంఎల్ (వేగంగా ముదిరే ఒక రకం బ్లడ్ క్యాన్సర్) కావొచ్చు, ఎండీఎస్ (మజ్జలో రక్తకణాలు సరిగ్గా తయారుకాని జబ్బు) కావొచ్చు, రెండూ కాకపోవచ్చు. సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేసిన రోజే ఎవరైనా స్లైడ్ పెట్టి మైక్రోస్కోప్‌లో చూసి ఉంటే తెలిసేది. మల్టిపుల్ మైలోమా (మజ్జలో పుట్టి ఎముకల్ని తినేసే బ్లడ్ క్యాన్సర్) ఇంకా మాయదారిది. నడుము నొప్పని నొప్పి మాత్రలు మింగుతారు, చివరికి కిడ్నీలు పాడై డయాలసిస్‌కు చేరతారు. అందుకే మైలోమా కేసుల కోసం నేను క్యాన్సర్ వార్డుతో ఆగను. డయాలసిస్ యూనిట్ రిజిస్టరూ, ఎముకల డాక్టర్ల ఓపీ రిజిస్టరూ అడుగుతాను.

బ్లడ్ క్యాన్సర్‌కు ఇదొక ప్రత్యేకమైన చిక్కు. రొమ్ము, నోటి క్యాన్సర్లకు ముక్క తీసి బయాప్సీ చేస్తారు, పెథాలజీ రిజిస్టర్‌లో వరుసగా దొరుకుతాయి. లుకేమియా (తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే బ్లడ్ క్యాన్సర్) చాలాసార్లు స్లైడ్ మీద, ఎముక మజ్జ పరీక్షలో, ఫ్లో సైటోమెట్రీలో (కణాల రకం తేల్చే యంత్ర పరీక్ష) తేలుతుంది. ఆ శాంపిల్ హన్మకొండ కలెక్షన్ సెంటర్ నుంచి కొరియర్‌లో హైదరాబాద్‌కో, ఇంకా దూరానికో పోతుంది. రిపోర్టు రోగి వాట్సాప్‌కు వస్తుంది. ఇక్కడి ఏ ఆసుపత్రి రిజిస్టర్‌లోనూ ఆ జబ్బు పేరు ఉండదు. కాబట్టి ల్యాబులను కలుపుకోకుండా చేసే బ్లడ్ క్యాన్సర్ లెక్క సగం లెక్కే.

అడ్రస్ సంగతి విడిగా చెప్పాలి. మీలాంటివాళ్ల ప్లాన్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ఒకసారి హైదరాబాద్‌లోని ఒక పెద్దాసుపత్రిలో ఫైళ్లు చూస్తుంటే ఒకామెకు బోడుప్పల్ అడ్రస్ ఉంది. ఫోన్ చేసే వీల్లేక వార్డుకే వెళ్లి అడిగాను.

"అమ్మా, మీది బోడుప్పలేనా?"

"కాదు సారూ, మాది గోవిందరావుపేట దిక్కు. బోడుప్పల్ల మా తమ్ముడుంటడు. అత్యవసరమైతే ఫోన్ చేస్తరంట, దగ్గరిది చెప్పుమంటే ఆన్నిది రాయించిన."

ఆమె తప్పేం లేదు. అత్యవసరానికి ఎవరికి ఫోన్ చేయాలన్న ప్రశ్నకూ, నివాసం ఎక్కడన్న ప్రశ్నకూ ఫారంలో ఒకే గడి ఉంది. ఫలితంగా ములుగు జిల్లా కేసు మేడ్చల్ ఖాతాలో పడింది. రిజిస్ట్రీల్లో నియమం ఏమిటంటే, జబ్బు బయటపడేనాటికి కనీసం ఏడాదిగా ఉంటున్న చోటే నివాసం. మీ వాలంటీర్లతో అడిగించాల్సిన ప్రశ్న ఒక్కటే: "జబ్బు బయటపడడానికి ముందు ఏడాది బతుకమ్మకు ఏ ఊళ్లో ఉన్నారు?" అడ్రస్ ఏదని అడిగితే ఆధార్ తీసి చూపిస్తారు.

రివర్స్‌లో కూడా జరుగుతుంది. వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంకు మన జిల్లాల వాళ్లే కాదు, గోదావరి అవతల మహారాష్ట్ర సిరొంచ వైపు నుంచీ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊళ్ల నుంచీ వస్తారు. రేటు తీసేటప్పుడు వాళ్లను పక్కన పెట్టాలి, ఎందుకంటే భాగించే జనాభాలో వాళ్లు లేరు. బెడ్ల లెక్కలో మాత్రం కలపాల్సిందే, మీ కుర్చీలో కూర్చునేది వాళ్లే కదా. ఇలా ఒకే జాబితా నుంచి రెండు లెక్కలు తీయాలి. అటు ఆదిలాబాద్ వాళ్లు చాలామంది హైదరాబాద్ రాకుండా నాగ్‌పూర్, వార్ధా పోతారు. ఆ రెండు చోట్లా జాతీయ కార్యక్రమం కింద జనాభా రిజిస్ట్రీలున్నాయి. రేపు మీ పని ఆదిలాబాద్ దాకా పెరిగితే అక్కడి ఆసుపత్రులనూ అడగకపోతే ఆదిలాబాద్‌లో బ్లడ్ క్యాన్సరే లేదనుకుంటారు.

అసలు రేటు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పుకోవాలి. మన దేశంలో ఐసీఎంఆర్ జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1982 నుంచి లెక్కలు సేకరిస్తోంది, ఇప్పుడు బెంగళూరులోని ఎన్‌సీడీఐఆర్ అనే ఐసీఎంఆర్ సంస్థ దాన్ని నడుపుతుంది. రిజిస్ట్రీలు రెండు రకాలు. ఆసుపత్రి రిజిస్ట్రీ తన దగ్గరకు వచ్చినవాళ్లను లెక్కపెడుతుంది. జనాభా రిజిస్ట్రీ ఒక ప్రాంతంలో ఉండేవాళ్లలో ఎవరికి వచ్చినా, ఎక్కడ చూపించుకున్నా వెతికి పట్టుకుంటుంది. రేటు అనేది రెండోదాని నుంచే తీయాలి. 2020లో వచ్చిన జాతీయ నివేదికలో జనాభా రిజిస్ట్రీలు 28, అవన్నీ కలిపినా దేశ జనాభాలో సుమారు పదో వంతు. ఆ నివేదికలో తెలంగాణ నుంచి ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. హైదరాబాద్ రేటు తెచ్చి ములుగుకు అంటించడం కుదరదు. పల్లె ప్రాంతంలో ఇలాంటి పని ఎలా చేయొచ్చో చూడాలంటే మహారాష్ట్రలోని బార్శి రిజిస్ట్రీ పద్ధతి చదవండి. 1987లో మొదలైన పల్లె రిజిస్ట్రీ అది. కేసులు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా సిబ్బందే ఊళ్లకు వెళ్లి, అక్కడివాళ్లతో మాట్లాడి వెతికేవారు.

భాగించే సంఖ్య దగ్గర ఇంకో ముడి ఉంది. చివరి జనగణన 2011ది, అప్పుడున్నది పాత వరంగల్ జిల్లా, జనాభా 35 లక్షల 12 వేల పైచిలుకు. 2016లో జిల్లాలు విడగొట్టారు, 2019లో ములుగు వేరైంది, 2021లో అర్బన్, రూరల్ పేర్లు పోయి హన్మకొండ, వరంగల్ అయ్యాయి. అంతటితో అయిపోలేదు. చేర్యాల సిద్దిపేటకు పోయింది. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి కరీంనగర్ నుంచి ఇటొచ్చాయి. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లో కలిశాయి. మీ పట్టికలో పాత ఫైళ్లకు పాత జిల్లా, కొత్త ఫైళ్లకు కొత్త జిల్లా ఉంటుంది. జిల్లా కాలమ్‌ను పూర్తిగా వదిలేసి మండలం కాలమ్ నుంచే మళ్లీ కట్టుకోండి. కాజీపేట, కమలాపూర్ లాంటి పేర్లు వేరే చోట్ల కూడా ఉన్నాయి, కాబట్టి మండలం కూడా రాయని ఫైల్‌లో ఊరి పేరు ఒక్కటే చూసి మ్యాప్ మీద పెట్టొద్దు.

ఇప్పుడు చిన్న సంఖ్యల గోల. దేశం మొత్తం మీద ఏటా సుమారు 50 వేల కొత్త లుకేమియా కేసులని అంతర్జాతీయ అంచనా. అంటే లక్ష జనాభాకు మూడున్నర. లింఫోమాలు (లింఫ్ గ్రంథుల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్లు), మైలోమా కలిపితే బ్లడ్ క్యాన్సర్లన్నీ లక్షకు ఏడు ఎనిమిది. ములుగు జనాభా 2011 లెక్కల్లో 3 లక్షల లోపు. ఆ సగటు ప్రకారం ఏడాదికి పది లుకేమియా కేసులు రావాలి. కానీ సగటు పది అయినప్పుడు ఒక ఏడు 5, ఇంకో ఏడు 16 రావడం కేవలం యాదృచ్ఛికంగానే జరుగుతుంది, దాని వెనక ఏ కారణమూ ఉండక్కర్లేదు. అలాంటప్పుడు "ములుగులో రేటు మూడింతలైంది" అని పేపర్‌కు ఇస్తే ఊళ్లో టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు. మూడేళ్లు, వీలైతే అయిదేళ్లు కలపండి. మండలాల వారీగా రేటు తీయకండి. ఉమ్మడి జిల్లా స్థాయిలో రేటు, మండలం స్థాయిలో మనుషుల సంఖ్య, అంతే.

మీ ఆరుగురి విషయం కూడా ఇందులోనే ఉంది. మండలంలో 40 వేల మంది ఉన్నారని రాశారు. లక్షకు ఎనిమిది చొప్పున ఏడాదికి ముగ్గురు, మూడేళ్లకు తొమ్మిది పది మంది. పల్లెల్లో బయటపడేవి సగమే అనుకున్నా అయిదుగురు. మీకు తెలిసింది ఆరుగురు. పైగా మీరు రాసినవాటిలో ఒక బాబుకు ఏఎల్ఎల్ (పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా), ఇద్దరికి లింఫోమా, ఒకరికి సీఎంఎల్ (నెమ్మదిగా ముదిరే లుకేమియా), ఇద్దరు పెద్దవాళ్లకు మైలోమా. ఒకే కారణం ఉంటే సాధారణంగా ఒకే రకం జబ్బు గుంపుగా కనబడుతుంది. ఇక్కడ నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి.

పురుగుమందులు నిర్దోషులని నేననట్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2015లో లిండేన్ అనే పురుగుమందును క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది, ఆధారం నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా అనే రకం లింఫోమా. అదే ఏడు గ్లైఫోసేట్ అనే కలుపు మందును బహుశా కారకమేనన్న 2ఏ గ్రూపులో పెట్టింది. బెంజీన్ అనే రసాయనానికీ ఏఎంఎల్‌కూ సంబంధం ఎప్పుడో రుజువైంది. కానీ ఆ ప్రశ్నకు జవాబు మండలం లెక్కలో దొరకదు. రోగులనూ, అదే వయసున్న ఆరోగ్యవంతులనూ పక్కపక్కన పెట్టి, ఎవరు ఏ మందు ఎన్నేళ్లు కొట్టారో అడిగే వేరే అధ్యయనం కావాలి. చేతికి గ్లౌజులు లేకుండా, మూతికి గుడ్డ లేకుండా మందు కొట్టడం మాన్పించడానికి మాత్రం క్యాన్సర్ రుజువు దాకా ఆగనక్కర్లేదు.

ఇంతకీ మీ అసలు పని, సెంటర్. రేటు ఒకటే అయినా పని భారం ఒకటి కాదు. చేతి లెక్కతో చూపిస్తాను. మీ ప్రాంతంలో ఏడాదికి ఏఎంఎల్ 20 మంది, మైలోమా 20 మంది, సీఎంఎల్ 20 మంది కొత్తగా వస్తారనుకుందాం. ఇవి ఊహించుకున్న సంఖ్యలే, మీ జాబితా తయారయ్యాక అసలువి వేసుకోండి.

ఏఎంఎల్ రోగి మొదటి విడత కీమోకే దాదాపు నెల రోజులు ఆసుపత్రిలో ఉంటాడు. ఇరవై మందికి 600 బెడ్ రోజులు. ఏడాది పొడవునా ఒక బెడ్డు నిండి, రెండోది సగం నిండినట్టు. ఆ తర్వాతి విడతలు కలిపితే రెట్టింపు దాటుతుంది. మామూలు బెడ్డు కాదు, ఇన్ఫెక్షన్ సోకకుండా విడిగా ఉండే గది. రోజూ సీబీపీ, రాత్రి రెండింటికైనా ప్లేట్‌లెట్లు. ఇది డే కేర్‌లో జరిగే పని కాదు.

మైలోమా రోగి వారానికోసారి వస్తాడు. చర్మం కింద ఇంజెక్షన్, మాత్రలు, గంటలో ఇంటికి. ఆరు నెలల పాటు ఒక్కొక్కరూ 24 సార్లు వస్తే ఇరవై మందికి 480 సార్లు. ఏడాదిలో 300 పనిదినాలనుకుంటే రోజుకు ఒకరిద్దరు. ఒక కుర్చీ చాలు. మీ డే కేర్ నూటికి నూరుపాళ్లు ఉపయోగపడేది వీళ్లకే. ఇప్పుడు వీళ్లు ఆ గంట పని కోసం నూట నలభై కిలోమీటర్ల పైన పోయి వస్తున్నారు. వెన్నుపూసలు దెబ్బతిన్న మనిషిని బస్సులో అంతసేపు కూర్చోబెట్టడం అంటే ఏమిటో ఆలోచించండి.

సీఎంఎల్ రోగికి బెడ్డూ వద్దు, కుర్చీ వద్దు. రోజూ ఒక మాత్ర. 2001లో ఇమాటినిబ్ అనే ఆ మాత్ర వచ్చాక వీళ్లలో చాలామంది మామూలు ఆయుష్షుకు దగ్గరగా బతుకుతున్నారు. అందుకే కొత్తగా వచ్చేది ఏడాదికి ఇరవై మందే అయినా, పదేళ్లకు మీ దగ్గర మాత్ర కోసం వచ్చేవాళ్లు రెండొందలకు దగ్గరవుతారు. రేటు పెరగలేదు, భారం పదింతలైంది. వీళ్లకు కావలసింది నెలనెలా తెగకుండా మాత్రలు, మూడు నెలలకోసారి బీసీఆర్-ఏబీఎల్ (జబ్బు ఎంత అదుపులో ఉందో చెప్పే) పరీక్షకు రక్తం తీసి చెడిపోకుండా ల్యాబ్‌కు పంపే ఏర్పాటు. ఇది పెద్ద భవనం లేకుండా, ఒక ఫ్రిజ్, ఒక మనిషి, ఒక క్యాలెండర్‌తో అయ్యే పని. సెంటర్ కట్టకముందే మీ ట్రస్టు దీన్ని మొదలుపెట్టొచ్చు.

పిల్లల ఏఎల్ఎల్ వీటన్నిటి మధ్యలో ఉంటుంది. పదిహేనేళ్ల లోపు పిల్లల క్యాన్సర్లలో ఇదే మొదటి స్థానం. జాతీయ రిజిస్ట్రీ 2022 అంచనాల్లో మగపిల్లల క్యాన్సర్లలో 29.2 శాతం, ఆడపిల్లల్లో 24.2 శాతం లింఫాయిడ్ లుకేమియానే (ఏఎల్ఎల్ ఈ గుంపులోదే). మొదటి కొన్ని నెలలు పెద్దాసుపత్రిలో తప్పదు. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే మెయింటెనెన్స్, ఎక్కువగా మాత్రలే. చికిత్స మొత్తం కలిపి రెండు, రెండున్నరేళ్ల దాకా సాగుతుంది. ఈ దశలోనే బాగైపోయాడనుకుని పొలం పనుల్లో పడి మానేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. అందుకే మీ జాబితాలో "చివరిసారి ఎప్పుడొచ్చారు" అనే కాలమ్ తప్పకుండా ఉండాలి. ఇంకొకటి కూడా చూడండి. ఈ జబ్బు మగపిల్లల్లో కొంచెం ఎక్కువన్నది నిజమే, కానీ మీ జాబితాలో ఆడపిల్లలు మరీ తక్కువగా ఉంటే అది జబ్బు లక్షణం కాదు, తీసుకురాలేదని అర్థం.

సీఎల్ఎల్ (వయసు మళ్లాక వచ్చే, నెమ్మదిగా నడిచే లుకేమియా) ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి మొదట్లో చికిత్సే ఉండదు, మూడు నాలుగు నెలలకోసారి చూసి పంపిస్తారు. వాళ్లను బెడ్ల లెక్కలో వేసుకోకండి.

కొన్ని వసతులకు రేటుతో పనే లేదు. ఏపీఎల్ అని ఏఎంఎల్‌లో ఒక రకం ఉంది, మొత్తం ఏఎంఎల్‌లో పదో వంతు ఉంటుందేమో. గుర్తించి వెంటనే ఆట్రా మాత్రలు మొదలుపెడితే బాగా నయమయ్యే జబ్బు, ఆలస్యమైతే రోజుల్లో రక్తస్రావంతో చంపేస్తుంది. ఏడాదికి ఒకరిద్దరే వస్తారు కాబట్టి అవసరం లేదని లెక్క చెప్పొచ్చు. కానీ ఆ ఒకరిద్దరి కోసం వరంగల్‌లో ఆట్రా స్టాకు ఎప్పుడూ ఉండాల్సిందే. రోగి అంబులెన్స్‌లో హైదరాబాద్ చేరేలోపు మొదటి డోసు లోపలికి పోవాలి.

ప్లేట్‌లెట్లది ఇంకో గొడవ. వాటిని 20 నుంచి 24 డిగ్రీల మధ్య, కదుపుతూ ఉంచినా అయిదు రోజులకు మించి నిల్వ ఉండవు. వానాకాలం వెనక డెంగీ వస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఊరంతా ప్లేట్‌లెట్లకే పరుగు. ఏఎంఎల్ రోగులు, డెంగీ రోగులు ఒకే బ్లడ్ బ్యాంక్ కిటికీ ముందు నిలబడతారు. ఏడాది సగటు చూసి స్టాకు ప్లాన్ చేస్తే ఈ మూడు నెలల్లో దెబ్బతింటారు. నెలవారీగా, మీ కేసులూ డెంగీ కేసులూ ఒకే గ్రాఫ్ మీద గీయండి. దాతల జాబితా జూలైలోనే సిద్ధం చేసుకోండి.

ఒక సంగతి కొందరికి నచ్చకపోవచ్చు. క్యాన్సర్ సెంటర్ అనగానే మన నాయకులకు రేడియేషన్ మెషీన్ గుర్తొస్తుంది, రిబ్బన్ కత్తిరించడానికి బాగుంటుంది కదా. బ్లడ్ క్యాన్సర్లలో దాని అవసరం పరిమితం. మీ దగ్గర డబ్బు కొంచెమే ఉంటే స్లైడ్ చదవగల మనిషికి, ఫ్లో శాంపిల్ ఒక రోజులో ల్యాబ్‌కు చేర్చే వాహనానికి పెట్టండి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామన్నారు, మొదటి ఏడాదికి 200. అంటే కుర్చీలు ఎలాగూ రావొచ్చు. మీరు కూడా కుర్చీలే కొనే బదులు వాటికి కావలసిన లెక్క ఇవ్వగలిగితే మీ మాటకు విలువ ఉంటుంది.

స్లైడ్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. పిల్లాడికి తగ్గని జ్వరం, కీళ్ల నొప్పులు, పాలిపోవడం ఉంటే కొన్నిచోట్ల ముందే స్టెరాయిడ్ ఇచ్చేస్తారు. ఏఎల్ఎల్ అయితే స్టెరాయిడ్‌తో తాత్కాలికంగా తగ్గినట్టు కనబడుతుంది, మజ్జ పరీక్షలో కూడా కణాలు దొరక్కపోవచ్చు. రోగికి నష్టం, లెక్కకు నష్టం. మీ అవగాహన సదస్సులు ఊరి జనానికన్నా ముందు ఆర్‌ఎంపీలకు పెట్టండి. ప్రభుత్వ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే చూస్తారు. బ్లడ్ క్యాన్సర్‌కు అలాంటి క్యాంపు పరీక్ష ఏదీ లేదు, పెట్టాలని ఎవరైనా చందా అడిగితే ఇవ్వకండి.

మీ స్థానంలో నేనైతే మొదటి ఏడాది రేటు జోలికే పోను. ఎంజీఎం, హన్మకొండలోని ప్రైవేట్ ఆసుపత్రులు, రెండు మూడు ల్యాబ్ కలెక్షన్ సెంటర్లు, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, పిల్లలకు నీలోఫర్... వీటికి జిల్లా వైద్యాధికారి ద్వారా, ఎథిక్స్ కమిటీ అనుమతితో లెటర్ పెట్టించి, మన మండలాల వాళ్ల జాబితా అడుగుతాను. ఇచ్చినవాళ్లవి కలుపుతాను. ఇవ్వనివాళ్ల పేర్లు ఒక పక్కన రాసి పెట్టుకుంటాను, ఎందుకంటే లెక్కలో ఖాళీ ఎక్కడుందో చెప్పేది ఆ రెండో జాబితానే. తర్వాత రకం రాయని "లుకేమియా" కేసులు ఏ జిల్లా నుంచి ఎంత శాతం ఉన్నాయో చూస్తాను. జబ్బుల అంతర్జాతీయ కోడ్ల జాబితా ఐసీడీ-10లో వాటికి సీ95 కోడ్ వేస్తారు. భూపాలపల్లి నుంచి వచ్చేవాటిలో ఇవి ఎక్కువ, హన్మకొండవాటిలో తక్కువ అయితే, భూపాలపల్లిలో పరీక్ష అందట్లేదని అర్థం. మ్యాప్ మీద ముందు రంగు వేయాల్సింది అక్కడ.

వయసు సవరించిన రేటు గురించి కూడా అడిగారు. ఒక ప్రాంతాన్ని ఇంకో ప్రాంతంతో పోల్చడానికి అది తప్పనిసరి. యువత హైదరాబాద్ పోయి ముసలివాళ్లే మిగిలిన మండలంలో మైలోమా ఎక్కువ కనబడటం సహజం, సవరిస్తే ఆ తేడా పోతుంది. కానీ సెంటర్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు సవరించని మనుషుల సంఖ్యే చూడండి. ఆ ముసలివాళ్లు అక్కడే ఉన్నారు, వాళ్లకు ఇంజెక్షన్ అక్కడే కావాలి.

చివరగా, మీ ప్రశ్నలో ఆ మండలం పేరు, ఆరుగురి వయసులు, ఒకరి కులవృత్తి కూడా రాశారు. దయచేసి ఎడిట్ చేసి అవి తీసేయండి. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చదివితే ఎవరో ఇట్టే పోల్చుకుంటారు, పెళ్లి కావాల్సిన పిల్ల ఉన్న ఇంటికి అది మామూలు నష్టం కాదు. మీ పట్టికలో కూడా పేర్లు ఒక ఫైల్‌లో తాళం వేసి, మిగతా పనంతా నంబర్లతో చేయండి. అయిదుగురి కన్నా తక్కువ ఉన్న ఏ గడినీ బయటకు ఇవ్వకండి. ఏ కాలమ్‌లు పెట్టుకున్నారో కామెంట్‌లో రాస్తే చూస్తాను.